తీగ లేని వీణ

పిల్లలూ! ముందు పోయిన నెల లెక్క సంగతి చూద్దాం. ఈ రోజు బుధవారమైతే నూరు రోజుల తరవాత వచ్చేది ఏ వారం అని అడిగాను. వేళ్ళు మడుస్తూ నూరూ లెక్కపెట్టిన వాళ్ళకూ, 100ని 7తో భాగించి శేషం 2 అని పట్టుకున్న వాళ్ళకూ జవాబు ఒకటే: శుక్రవారం. కాని రెండో రకం వాళ్ళు ఒక కిటుకు గ్రహించారు. చక్రంగా తిరిగే దానిలో ఎంత దూరం నడిచామన్నది అవసరం లేదు; భాగించగా మిగిలిన శేషమే మనం ఎక్కడున్నదీ చెబుతుంది. ఈ నెల ఆ శేషాన్ని పట్టుకునే ఒక తీగను మోగిద్దాం.

ఎందుకంటే, ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఇట్లా ఉత్తరం రాసింది: "మాస్టారూ, నేను రెండేళ్ళుగా వీణ నేర్చుకుంటున్నాను. ఇంజనీరింగు చదివే మా అన్నయ్య, 'కంప్యూటరులో తీగా లేదు, బుర్రా లేదు, అయినా వీణ మోగుతుంది. నువ్వు వేళ్ళు కాయలు కట్టేదాకా సాధన చెయ్యటం దేనికి?' అంటున్నాడు. తీగ లేకుండా తీగ శబ్దం ఎట్లా వస్తుందండీ? అన్నయ్య అన్నది నిజమేనా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది లెక్క, రెండవది తగవు. లెక్క తేలితే గాని తగవు తీరదు. అందుచేత ముందు లెక్క.

తీగను మీటితే అది పైకీ కిందికీ ఊగుతుంది. దాని ఊపు గాలిని ఊపుతుంది. గాలి మన చెవిలోని పొరను ఊపుతుంది. అదే శబ్దం. తీగ సెకండుకు ఎక్కువసార్లు ఊగితే స్వరం హెచ్చుగా వినిపిస్తుంది, తక్కువసార్లు ఊగితే మంద్రంగా వినిపిస్తుంది. పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకోవటానికి సెకండుకు 440 సార్లు ఊగే స్వరాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. మనమూ లెక్క కోసం ఆ స్వరాన్నే తీసుకుందాం.

కంప్యూటరుకు తీగ తెలియదు, గాలి తెలియదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. కాని స్పీకరు పొరను ఎంత ముందుకు నెట్టాలో, ఎంత వెనక్కు లాగాలో అంకెలతో చెప్పవచ్చు. ముందుకైతే మామూలు అంకె, వెనక్కైతే మైనస్ గుర్తు ఉన్న అంకె. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీ పళ్ళేలలో ఒకొక్క చెవికీ సెకండుకు 44,100 అంకెల చొప్పున పెట్టారు. ఈ నాటికీ చాలా చోట్ల అదే లెక్క నడుస్తున్నది. అంత వేగంగా అంకెలు వస్తూంటే చెవి వాటిని విడివిడిగా పట్టలేదు. ఒకే ధ్వనిగా వింటుంది.

ఇప్పుడు ఒక భాగహారం చెయ్యండి. సెకండుకు 44,100 అంకెలు. తీగ సెకండుకు 440 సార్లు ఊగాలి. అంటే ఒకొక్క ఊపుకు ఎన్ని అంకెలు? 44,100ని 440తో భాగిస్తే 100, పైన కాస్త చిల్లర. ప్రస్తుతానికి 100 అనుకుందాం. అంటే నూరు అంకెలు ఒక వరసలో రాసుకుని, వాటినే మళ్ళీ మళ్ళీ చదువుతూ పోతే మనకు కావలసిన స్వరం వస్తుందన్నమాట!

అయితే అట్లా మార్పు లేకుండా చదివితే వచ్చేది కారు హారను లాంటి మోత. తీగ అట్లా మోగదు. మీటగానే ఖంగుమంటుంది, తరవాత మెత్తబడుతుంది, క్రమంగా సన్నగిల్లి ఆగిపోతుంది. ఆ మెత్తబడటం, ఆ సన్నగిల్లటం అంకెలకు ఎట్లా నేర్పాలి?

దీనికి ఒక చక్కని ఉపాయం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1970ల చివర అలెక్స్ స్ట్రాంగ్ అనే ఆయన చిన్న కంప్యూటరుతో సంగీతం పలికించబోయి దీన్ని కనిపెట్టాడు. కెవిన్ కార్‌ప్లస్ అనే మిత్రుడితో కలిసి 1983లో ఒక కంప్యూటరు సంగీత పత్రికలో వ్యాసం ప్రచురించాడు. అందుకే దీన్ని కార్‌ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి అంటారు. ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్లకు గుణకారం చెయ్యటం పెద్ద పని; కూడటం, సగం చెయ్యటం తేలిక. ఆ రెండిటితోనే వాళ్ళు తీగను పలికించారు! పేదవాడి వంటలాగా, ఉన్న రెండు దినుసులతోనే రుచి తెప్పించారన్నమాట.

ఆ పద్ధతి మనం పలకలతో ఆడి చూడవచ్చు. ఎనిమిదిమంది పిల్లలు గుండ్రంగా కూర్చోండి. ఒకొక్కరి చేతిలో ఒక పలక. ప్రతివాళ్ళూ నోటికి వచ్చిన అంకె ఒకటి రాయండి, మైనస్ అయినా సరే. ఉదాహరణకు వరసగా ఈ అంకెలు వచ్చాయనుకుందాం:

8, 0, 4, -6, 2, -8, 6, -6.

ఒక క్రమం లేదు. ఒకటి కొండెక్కితే పక్కది గోతిలో పడుతున్నది. ఇదే తీగను మీటటం! గోటితో లాగి వదిలినప్పుడు తీగలో ఒక్క ఊపు కాదు, చిన్నవీ పెద్దవీ ఎన్నో ఊపులు ఒకేసారి పుడతాయి. ఆ గందరగోళానికి బదులు మనం ఇష్టం వచ్చిన అంకెలు పెట్టాం.

ఇక తొమ్మిదో పిల్లవాడు లేచి, గుడ్డ పట్టుకు తిరిగే ఆటలోలాగా, వాళ్ళ వెనక తిరగాలి. ఒకొక్క పలక దగ్గిరా అతను మూడు పనులు చెయ్యాలి. ఒకటి: ఆ పలక మీది అంకెను గట్టిగా చదవాలి. కంప్యూటరు ఆ అంకెను స్పీకరుకు పంపుతుంది. రెండు: ఆ అంకెనూ, దాని పక్క పలక మీది అంకెనూ కలిపి సగం చెయ్యాలి. మూడు: పాత అంకె తుడిచేసి, ఆ సగాన్ని అక్కడే రాసి, తరవాతి పలక దగ్గిరికి పోవాలి.

చూడండి: 8నీ 0నీ కలిపి సగం చేస్తే 4. అది మొదటి పలక మీదికి వచ్చింది. 0నీ 4నూ కలిపి సగం చేస్తే 2. 4నూ -6నూ కలిపితే -2, సగం -1. ఇట్లా పోతూ పోతూ ఎనిమిదో పలకకు వచ్చాం. దాని పక్కన ఎవరున్నారు? గుండ్రంగా కూర్చున్నాం గనక మొదటి పలకే ఉన్నది. కాని దాని మీద ఇప్పుడున్నది పాత 8 కాదు, కొత్త 4. కనక -6నూ 4నూ కలిపి సగం చేస్తే -1. మొదటి చుట్టు పూర్తి అయేసరికి పలకలు ఇట్లా ఉంటాయి:

4, 2, -1, -2, -3, -1, 0, -1.

రెండో చుట్టు తిరగండి. అది ముగిసేసరికి:

3, 0.5, -1.5, -2.5, -2, -0.5, -0.5, 1.

చూశారా చిత్రం! ఎగుడుదిగుళ్ళన్నీ ఎటు పోయాయి? చక్రం చుట్టూ ఇప్పుడు ఒకే ఒక కొండ, ఒకే ఒక లోయ మిగిలాయి. అంకెలు కూడా చిన్నవైనాయి. అంటే శబ్దం మెత్తబడింది, తగ్గింది కూడా. అసలు తీగలోనూ జరిగేది ఇదే. సన్న సన్న ఊపులు త్వరగా అణగిపోతాయి. పెద్ద ఊపు ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే మీటిన క్షణాన ఖంగుమన్న ధ్వని, కాసేపటికి కమ్మగా మారుతుంది. పక్కవాడితో కలిపి సగం చెయ్యటమనే ఒక్క నియమంలో ఈ సంగతి అంతా ఇమిడి ఉన్నది.

ఈ నాటి పాఠాలలో ఆ సగాన్ని మరొక చిన్న అంకెతో, 0.996 లాంటి దానితో, గుణించమని కూడా చెబుతారు. అంటే ప్రతి చుట్టుకూ వెయ్యిలో 4 పాళ్ళు తరుగు. ఈ తరుగు వల్లనే సుమారు 173 చుట్లకు శబ్దం సగానికి పడిపోతుంది. మన స్వరం సెకండుకు 440 చుట్లు తిరుగుతుంది గనక, అర సెకండు లోపే సగమవుతుంది. అదే సెకండుకు 110 చుట్లు తిరిగే మంద్రస్వరమైతే, సగం కావటానికి ఒకటిన్నర సెకండుకు పైగా పడుతుంది. లావు తీగ ఎక్కువసేపు మోగుతుందని వీణ ఉన్న ఇంటివాళ్ళకు వేరే చెప్పాలా?

ఇప్పుడు ఒక సందేహం రావాలి. గుండ్రంగానే ఎందుకు కూర్చోవాలి? వరసగా కూర్చుంటే ఏం?

కూర్చోవచ్చు. కాని కష్టం చూడండి. వరసలో మొదటివాడు అంకె చెప్పి, కొత్త అంకె రాసుకుని, చివరికి పోవాలి. అప్పుడు మిగిలిన 99 మందీ లేచి తలా ఒక చోటు ముందుకు జరగాలి. ఒక్క అంకెకే ఇంత హడావుడి. సెకండుకు 44,100 అంకెలు కావాలంటే 99ని 44,100తో గుణించండి: 43,65,900 జరుగుళ్ళు! శబ్దం పుట్టేదానికన్నా కుర్చీలు జరిపే పనే ఎక్కువ. గుండ్రంగా కూర్చుంటే ఒక్కరూ లేవనక్కర లేదు. తిరిగేవాడొకడే తిరుగుతాడు. మనుషులు కదలరు, 'మొదటి చోటు' అన్న మాట మాత్రం ఒకరి దగ్గిరి నుంచి ఇంకొకరి దగ్గిరికి పోతూ ఉంటుంది.

ఇట్లాంటి గడుల చక్రాన్ని కంప్యూటరు చదువులో 'సర్క్యులర్ బఫర్' అంటారు, 'రింగ్ బఫర్' అని కూడా అంటారు. వామనగుంటలు ఆడిన వాళ్ళకు ఇది కొత్త కాదు. పీట మీద ఉన్నవి పద్నాలుగు గుంటలే. గింజలు పంచుతూ చివరి గుంట దాటగానే మళ్ళీ మొదటి గుంట. మన తెలుగు సంవత్సరాలూ అంతే: ప్రభవతో మొదలై అరవైయవదైన అక్షయ దాకా వెళ్ళి, తిరిగి ప్రభవకే వస్తాయి.

అయితే కంప్యూటరు లోపల గడులు నిజంగా గుండ్రంగా ఉంటాయనుకునేరు! ఉండవు. వీధిలో ఇళ్ళలాగా వరసగానే ఉంటాయి, 0 నంబరు నుంచి 99 నంబరు దాకా. మరి చక్రం ఎట్లా అయింది? అక్కడే పోయిన నెల శేషం పనికి వచ్చింది. ఒకొక్క అడుగుకూ నంబరుకు 1 కలుపుతాం, దాన్ని 100తో భాగించి శేషం తీసుకుంటాం. 57 తరవాత 58, భాగిస్తే శేషం 58. కాని 99 తరవాత 100. భాగిస్తే శేషం 0. వీధి చివరి ఇంటి నుంచి అడుగు వేస్తే మొదటి ఇంటి గుమ్మంలో ఉంటాం!

ఈ చక్రాన్ని కట్టేవాళ్ళు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటున్నది. సాధారణంగా రెండు గుర్తులు పెట్టుకుంటారు. ఇక తియ్యవలసిన అంకె ఎక్కడున్నదో చెప్పే గుర్తు ఒకటి, కొత్త అంకె ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు రెండోది. ఏమీ పెట్టక ముందు రెండు గుర్తులూ ఒకే గడి దగ్గిర ఉంటాయి. నూరు గడులూ నిండేసరికి, రెండో గుర్తు చుట్టూ తిరిగి వచ్చి మొదటి గుర్తును కలుసుకుంటుంది. అంటే అప్పుడూ రెండూ ఒకే చోట! ఇక చక్రం ఖాళీగా ఉన్నదా, నిండుగా ఉన్నదా? గుర్తులను చూసి చెప్పలేం. ఖాళీ అనుకుని పెడితే ఉన్న అంకె చెరిగిపోతుంది. నిండుగా ఉన్నదనుకుని తీస్తే చెత్త అంకె వస్తుంది. కనక తెలివైన వాళ్ళు, ఎన్ని గడులు నిండాయో మూడో లెక్క ఒకటి విడిగా రాసుకుంటారు. పెట్టినప్పుడు ఒకటి కలుపు, తీసినప్పుడు ఒకటి తగ్గించు. ధాన్యం గాదె వైపు చూసి ఊరుకోక, చిట్టా రాసుకునే రైతు పద్ధతి ఇది.

గడి లెక్క ఒకటి తప్పితే ఏమవుతుందంటారా? శ్రుతి తప్పుతుంది. సెకండుకు 880 సార్లు ఊగే స్వరం కావాలనుకోండి. ఒకొక్క చుట్టుకు 50 అంకెలు పడితే 882 ఊపులు వస్తాయి. 49 పడితే 900 వస్తాయి. ఆ తేడా సంగీతం రాని చెవికి కూడా తెలుస్తుంది.

ఇంకా లోతుకు పోదలచిన పెద్ద తరగతుల వాళ్ళకు ఒక మాట. పక్క అంకెతో కలిపి సగం చెయ్యటమంటే రెండు గడుల నడుమ నిలబడటమే. అందువల్ల మన చక్రం పూర్తిగా 100 గడుల పొడుగు కాదు, 99 1/2 గడుల పొడుగు ఉన్నట్టు మోగుతుంది. 44,100ని 99.5తో భాగిస్తే సుమారు 443.2. మనకు కావలసినది 440. పోనీ 101 గడులు పెడితే? చక్రం 100 1/2 గడుల పొడుగున్నట్టు మోగుతుంది. స్వరం సుమారు 438.8. ఇది దగ్గిరే గాని సరిగ్గా కాదు. గడులు నిండు సంఖ్యలోనే ఉంటాయి గనక, నడిమి స్వరం ఈ చక్రానికి అందదు. ఈ లోటు తీర్చే మార్గం డేవిడ్ జాఫీ, జూలియస్ స్మిత్ అనే ఇద్దరు చెప్పారు. వాళ్ళ వ్యాసం కూడా 1983లో, అదే పత్రిక అదే సంచికలో వచ్చింది. చక్రంలో మరొక చిన్న లెక్కను చేర్చి, అర గడినీ పావు గడినీ కూడా లెక్కలోకి తెచ్చారు. ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారటం ఎట్లాగో కూడా అందులో రాశారు.

ఇక తగవు తీరుద్దాం. అమ్మాయీ, మీ అన్నయ్య చెప్పినదానిలో సగం నిజమే. తీగ లేకుండా తీగ శబ్దం వస్తుంది. నూరు గడులూ, ఒక కూడికా, ఒక సగమూ చాలు. అది వేళాకోళం చెయ్యవలసిన విషయం కాదు, మెచ్చుకోవలసిన విషయం.

కాని మిగిలిన సగం చూడు. నువ్వు వీణ మీద గమకం పలికించేటప్పుడు ఏం చేస్తావు? మెట్టు మీద తీగను పక్కకు లాగుతావు. తీగ బిగుసుకుని స్వరం పైకి పోతుంది. వదిలితే దిగుతుంది. చక్రంతో ఇదే చెయ్యాలంటే, అది మోగుతూ ఉండగానే గడుల పొడుగు మారుస్తూ పోవాలి. 101 నుంచి 100కు ఒక్కసారి మారిస్తే స్వరం జారదు, గెంతుతుంది. జాఫీ, స్మిత్ చెప్పినటువంటి లెక్కతో పావు గడి, అర్ధపావు గడి చొప్పున జార్చవచ్చు. సరే. కాని ఎప్పుడు జార్చాలి? ఎంత దూరం? ఎంత సేపు ఊపాలి? ఏ రాగంలో ఏ స్వరాన్ని కదిలించాలి, దేన్ని కదిలించకుండా నిలపాలి? ఈ ప్రశ్నలలో ఒక్కదానికీ చక్రం దగ్గిర జవాబు లేదు. ఎవరో చెప్పాలి. చెప్పేవారికి చెవి ఉండాలి. ఆ చెవి సాధన వల్లనే వస్తుంది.

అంతెందుకు, పైన చెప్పిన జాఫీ సంగీతకర్త. కంప్యూటరు పుట్టించే తీగల శబ్దాల కోసమే 1982లో 'సిలికాన్ వాలీ బ్రేక్‌డౌన్' అనే రచన చేశాడు. లెక్క తెలిసినందువల్ల అతను సంగీతాన్ని వదిలిపెట్టలేదు. సంగీతం తెలిసినందువల్లనే ఆ లెక్కలో ఉన్న లోటు పట్టుకోగలిగాడు. శ్రుతి కాస్త తప్పిందని వినిపించని వాడికి, పావు గడి కోసం వెతకవలసిన పని ఏమున్నది?

కనక నా తీర్పు ఇది. సాధన మానకు. అన్నయ్యతో పోట్లాడకు. అతన్ని ఈ చక్రం కట్టమను. నూరు వరసల ప్రోగ్రాం కూడా కాదు, సెలవుల్లో రెండు రోజుల పని. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు చదువు కొత్తగా మొదలుపెట్టిన విద్యార్థులకు దీన్ని అభ్యాసంగా ఇస్తూ వచ్చారు, మీ అన్నయ్యకు కష్టమేమీ కాదు. అతను మోగించినప్పుడు నువ్వు వీణ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చో. రెండు స్వరాలూ కలిశాయా లేదా చెప్పవలసినది నువ్వు. కలవకపోతే ఎన్ని గడులు తేడా వచ్చిందో లెక్క కట్టవలసినది అతను. పెద్దవాళ్ళకు కూడా ఒక మాట: పిల్లలలో ఒకరికి లెక్కలు, ఒకరికి సంగీతం వస్తే, ఏది గొప్ప అని వాళ్ళ ఎదుట తూచకండి. ఇద్దరినీ ఒక పనిలో పెట్టండి.

ఇక ఈ నెల లెక్కలు. రాసి పంపండి, జవాబులు వచ్చే నెల చూద్దాం.

1. సెకండుకు 220 సార్లు ఊగే స్వరం కావాలి. సెకండుకు 44,100 అంకెలు. చక్రంలో ఎన్ని గడులు పెడితే స్వరం అన్నిటికన్నా దగ్గిరగా వస్తుంది? (అర గడి సంగతి మరిచిపోకండి.)

2. వామనగుంటల పీటలో గుంటలకు 1 నుంచి 14 దాకా నంబర్లు వేశాం. 3వ గుంట దగ్గిర నిలబడి, గుంటకు ఒక అడుగు చొప్పున 50 అడుగులు ముందుకు వేస్తే ఏ గుంట చేరతాం? వేళ్ళు మడవకుండా చెప్పాలి.

3. ఇది చేసి చూడవలసినది. పలకల ఆటే మళ్ళీ ఆడండి. కాని ఈసారి ప్రతి సగమూ రాసే ముందు ఒక నాణెం ఎగరెయ్యండి. బొమ్మ పడితే అంకెను ఉన్నట్టే రాయండి. బొరుసు పడితే మైనస్ గుర్తు మార్చి రాయండి: 4 అయితే -4, -1 అయితే 1. నాలుగు చుట్లు తిరిగాక, వెనకటిలాగా కొండా లోయా ఏర్పడ్డాయా? కంప్యూటరులో ఇట్లా చేస్తే తీగ శబ్దం రాదు, వేరే వాద్యం వినిపిస్తుంది. అది తీగ వాద్యమా, ఊదే వాద్యమా, కొట్టే వాద్యమా? మీ అంకెలను చూసి ఊహించి, ఎందుకు అట్లా అనుకున్నారో ఒక్క వాక్యంలో రాయండి.